పన్నెండో రోజు కుదిరిన ముఖం

రాజమండ్రి,
జనవరి 22, 2024.

ప్రియమైన హైమా,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని విసుక్కోకు. నా చెవుల సంగతి నీకు తెలుసు. మెషిన్ పెట్టుకున్నా ఫోన్లో నీ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంటుంది. అదీగాక ఇది అరుచుకుని మాట్లాడుకునే సంగతి కాదు.

మా చర్చికి విజయ్ పాల్ అనే అతను వస్తాడు. పాత ఆయిల్ పెయింటింగులు శుభ్రం చేసి బాగుచెయ్యడం అతని పని. నిన్న ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "మేడమ్, ఒకసారి మా షెడ్డుకి రండి. మీకొకటి చూపించాలండి" అన్నాడు. వెళ్ళాను.

బల్లమీద పెద్ద పటం. ఒక ఆడమనిషి పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమచెయ్యి చెంపకి ఆనించి, తల కొంచెం పక్కకి వంచి, తనలో తాను ఏదో ఆలోచించుకుంటోంది. ముఖం మీద పేరుకున్న సాంబ్రాణి పొగంతా విజయ్ పాల్ దూదితో తుడిచేశాడు. ఆ ముఖంలోకి వంగి చూశాను హైమా. మా అమ్మ! కాదు, అమ్మకంటే చిన్నది. ట్రైనింగ్ కాలేజీలో ఉన్నప్పటి నేను. పైపెదవి మీద గుంట, కుడి కనుబొమ్మ కాస్త పైకి ఉండడం, అన్నీ.

"ఎవరిదయ్యా ఇది?" అన్నాను.

"కోనసీమ నుంచి వచ్చిందండి. నేరెళ్ళలంక పల్లంరాజు గారి మామ్మగారట. ఉగాదికి ఆవిడ పేరున లైబ్రరీ తెరుస్తున్నారు. అందులో పెట్టడానికి పంపారండి."

మీ ఆయనే! మీ ఇంటి పటమే!

ఇంకా ఉంది. మెడలో నగలు, ముక్కుపుడక, బొట్టు ఇవన్నీ తర్వాతెప్పుడో ఇంకొకరు వేసినవట. మందు తగిలితే చాలు, ఆ రంగు లేచి వచ్చేస్తోంది. వెనకవైపు గుడ్డమీద పెన్సిలుతో 'రూతు, 1934' అని రాసి ఉంది.

మా అమ్మమ్మ పేరు రూతు.

ఈ పటం గురించి మీ ఇంట్లో ఏం చెప్పుకుంటారు? ఈ నలభై ఏళ్ళలో మీ ఇంటికి నాలుగైదుసార్లు వచ్చాను. వచ్చిన ప్రతిసారీ వసారాలోనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం గాని మీ హాలు నేను చూసిందే లేదు. చూసుంటే అప్పుడే అడిగేదాన్ని. వెంటనే జవాబు రాయి.

నీ
హెలెన్


నేరెళ్ళలంక,
జనవరి 29, 2024.

ప్రియమైన హెలెన్,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. హాస్టల్లోనూ నువ్వింతే. బస్సులో ఎవరు కనపడినా 'అచ్చం మా మేనత్తలా లేదూ' అనేదానివి. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు. అందులో ఒకరు మా ఇంట్లో ఉన్నారనుకో.

మా ఇంట్లో చెప్పుకునేదానికేముంది? ఆవిడ శ్యామలాంబగారు, మా ఆయనకి మామ్మ. బందరు నుంచి చిత్రకారుణ్ణి పిలిపించి తాతగారు వేయించారు. పొద్దున్నే ఆ పటానికి దీపం పెట్టకుండా ఈ ఇంట్లో ఎవరూ కాఫీ ముట్టరు. పరీక్షకి వెళ్ళినా పెళ్ళిచూపులకి వెళ్ళినా ఆవిడకి దణ్ణం పెట్టుకునే గడప దాటుతారు. వెనక రాసిన పేరంటావా, ఆ గుడ్డ ఎవరు అమ్మారో, ఎవరి చేతులు మారిందో! మీవాళ్ళలో రూతులు వీధికి నలుగురుంటారు.

నగల జోలికి పోవద్దని విజయ్ పాల్‌కి ఫోన్ చేసి చెప్పాను. నువ్వు కూడా అతనితో ఈ మాట పెంచకు. మాది చిన్న ఊరు. నోళ్ళు మాత్రం పెద్దవి.

ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించాను. నీకిష్టమని బెల్లంవే కొరియర్లో పంపుతున్నాను. షుగరు సంగతి మర్చిపోయి అన్నీ ఒక్కరోజే తినకు.

నీ
హైమ


రాజమండ్రి,
ఫిబ్రవరి 8, 2024.

హైమా,

పూతరేకులు అందాయి.

నీ ఫోన్ రాగానే విజయ్ పాల్ పని ఆపేశాడు. కాని అప్పటికే నగ సగం పోయింది, ఎక్కడికక్కడ ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నాడు. దాని కింద ఏముందో నీకు చెప్పాలి. పట్టుచీర మీద, రొమ్ము దగ్గర, అరచెయ్యంత మరక ఉంది. "తేమకి పాడైందేమో అనుకున్నానండి. కాదు మేడమ్, రంగుతో వేసిందే. ఆయన చూసింది చూసినట్టు వేశాడు. ఇంట్లోవాళ్ళకి నచ్చక దానిమీద నగ వేయించేసుకున్నట్టున్నారు" అన్నాడు. అదేం మరకో అతనికి తెలియలేదు. ముగ్గురు పిల్లలకి పాలిచ్చినదాన్ని, నాకు తెలిసింది. అది పాలమరక. మీ శ్యామలాంబగారి బిడ్డ పాలకి ఏడిస్తే ఆవిణ్ణి ఎవరైనా ఆపుతారా?

మా అమ్మ ప్రసన్నకుమారి నాకు చెప్పింది ఇంతే. అమ్మమ్మ లంకల్లో ఎవరో పెద్దవాళ్ళింట్లో ధాన్యం దంచేది. మొదటి కాన్పులో మగపిల్లాడు, చిట్టియ్య. ఆరో నెలలో జ్వరమొచ్చి పోయాడు. ఆ తర్వాత రేవు దాటి రాజమండ్రి వచ్చి మిషన్ కాంపౌండులో పనికి కుదిరింది. మా అమ్మ ఇక్కడే పుట్టింది. వదిలొచ్చిన ఊరి పేరు అమ్మమ్మ ఏనాడూ చెప్పలేదు. ఫొటో తీస్తామంటే లేచి వెళ్ళిపోయేది. అమ్మ పెళ్ళి ఫొటోలో అందరూ ఉన్నారు, ఆమె ఒక్కతే లేదు. ఎందుకలా చేసేదో మాకు తెలియలేదు. పొగరనుకునేవాళ్ళం.

పటం నాకొద్దు. అది మీ ఇంట్లో పెరిగింది, మీ దగ్గరే ఉండనీ. లైబ్రరీలో దాని కింద పేరు పలక పెడతారు కదా, అందులో ఒక్క వాక్యం చేర్చండి. 'ఈ చిత్రానికి కూర్చున్నవారు రూతు.' అంతే. మీ మామ్మగారి పేరు పైనే ఉండనీ, పెద్ద అక్షరాలతో.

ఇది నీ స్నేహితురాలు అడుగుతోందనుకో.

హెలెన్


నేరెళ్ళలంక,
ఫిబ్రవరి 17, 2024.

శ్రీమతి హెలెన్ గారికి,

కూర్చుందే అనుకో. అయితే ఏంటి? గుళ్ళో విగ్రహానికి రాయి ఏ కొండనుంచి తెచ్చారో పీఠం మీద చెక్కుతారా? మీ అమ్మమ్మ మా చీర కట్టుకుంది, మా కుర్చీలో కూర్చుంది. ఆ రోజుల్లో ఆ దంపుడు సావిట్లో ఎవరికి దక్కింది ఆ భాగ్యం? తొంభై ఏళ్ళుగా మా ఇంటిల్లిపాదీ ఆ ముఖానికి దణ్ణం పెడుతున్నాం. మీ చర్చిలో మీకెవరైనా అంత చేశారా? అది చాలక పేరు కూడా కావాలా?

ఉన్నమాట రాస్తున్నాను. నీ మొదటి పోస్టింగ్ మా మామగారి ఉత్తరంతో వచ్చింది. ఎయిడెడ్ స్కూలు కరెస్పాండెంటు ఆయన మాట కాదనలేక నిన్ను తీసుకున్నాడు. నువ్వు ముప్పై ఏళ్ళు టీచరమ్మ అనిపించుకున్నది ఈ ఇంటి సంతకం మీద. ఈ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు, నీ గౌరవం కాపాడదామని. నువ్వు మాత్రం మా గౌరవం గుడ్డమీద మరకలో వెతుకుతున్నావు.

వ్యాన్ పంపి పటం తెప్పించేసుకున్నాం. విజయ్ పాల్ తీసిన ఫొటోలు బయటికొస్తే ఈ జిల్లాలో అతనికి మళ్ళీ పటం ఇచ్చే ఇల్లుండదు. అతనికి ఇద్దరు చిన్నపిల్లలని విన్నాను. నీ సరదాకి వాళ్ళని రోడ్డుమీద పెట్టకు.

హైమావతి


రాజమండ్రి,
మార్చి 13, 2024.

హైమా,

నెలరోజులు నీకు జవాబు రాయలేదు. ఉద్యోగం గురించి నువ్వు రాసిన వాక్యం రోజూ చదువుకున్నాను. నిజమే అయ్యుంటుంది. నేను పాఠం చెప్పిన పిల్లలెవరూ ఆ ఉత్తరం చూసి చదువుకోలేదులే.

నిన్న మంగళవారం మీ ఇంటికి వచ్చాను. నువ్వు తునిలో ఎవరిదో నిశ్చితార్థానికి వెళ్ళావట. నువ్వు లేవని తెలిసి రాలేదు. నువ్వు ఉంటావనే వచ్చాను. వసారాలో నా అలవాటైన చోట కూర్చున్నాను. పల్లంరాజు గారు బయటికొచ్చారు. పరాయి ఆడవాళ్ళ ముఖంలోకి చూసి మాట్లాడే మనిషి కాదు కదా, ఎప్పటిలాగే నేల చూస్తూ, "హైమ లేదండీ, రేపొస్తుంది" అన్నారు.

"మీతోనే మాట్లాడాలండి. ఒక్కసారి నా ముఖం చూడండి" అన్నాను.

చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత లోపలికి దారి ఇచ్చారు. మీ హాలు చూశాను హైమా. పటం ఇంకా గోడకెక్కించలేదు, కుర్చీకి ఆనించి ఉంది. ఆయన నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, పక్కనున్న సోఫాలో కూర్చుండిపోయారు. నేను ఫొటోలు చేతికిచ్చి అంతా చెప్పాను.

"నాకెవరూ చెప్పలేదండి. అమ్మ కూడా చెప్పలేదు. టెన్తు పరీక్షలకి, మా నాన్నగారి ఆపరేషన్‌కి, అన్నింటికీ ఈవిడ కాళ్ళకే మొక్కానండి" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. "హైమకి తెలుసాండి?" అని అడిగారు.

"అది మీరే అడగండి" అన్నాను.

"తీసుకెళ్ళిపోండి. మీ అమ్మమ్మగారిని మీరు తీసుకెళ్ళిపోండి. లైబ్రరీకి మామ్మ ఫొటో ఏదో ఒకటి చూస్తాం."

నేనడిగింది ఒక్క వాక్యం. ఆయన మొత్తం పటమే ఇచ్చారు. ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం ఆరాధన కాగానే విజయ్ పాల్ వ్యానులో వస్తాం.

ఇంకోమాట. మీ ఆయన నన్ను హాల్లో కూర్చోబెట్టి, మీ ఇంటి గ్లాసుతో కాఫీ ఇచ్చారు. నలభై ఏళ్ళలో నువ్వు వెయ్యలేని కుర్చీ ఆయన అరగంటలో వేశారు. ఇది నీకు రాయాలని బస్సులో వస్తున్నంతసేపూ అనుకున్నాను. నిన్ను బాధపెట్టడానికే రాస్తున్నాను.

హెలెన్


నేరెళ్ళలంక,
మార్చి 20, 2024.

హెలెన్,

ఆదివారం రావద్దు. వచ్చినా చూడ్డానికేం లేదు.

నీకు నిజం కావాలన్నావు. అంతా తీసుకో. నేనొక్కదాన్నే ఎందుకు మోయాలి?

పెళ్ళయి ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజు పెద్దవాళ్ళందరికీ మొక్కించి, ఆఖర్న హాల్లో పటం ముందు నిలబెట్టారు. తలెత్తి చూస్తే గోడమీద నువ్వున్నావు. రెండేళ్ళు నా పక్కమంచం మీద పడుకుని లేచిన ముఖం. "మా హెలెన్‌లా ఉన్నారండి" అని నోరు జారాను. ఆ మధ్యాహ్నమే అత్తయ్యగారు గది తలుపు వేసి నాకంతా చెప్పారు. ఆవిడకి శ్యామలాంబగారే చెప్పారట.

ఇది ఘోషా ఇల్లు. పరాయి మగాడి ఎదురుగా నలభై రోజులు కూర్చోవడం మామ్మగారికి కుదరదు. పటం మాత్రం కావాలి. ఒడ్డూ పొడుగూ సరిపోయిందని దంపుడు సావిట్లోంచి రూతుని తెచ్చారు. స్నానం చేయించి, మామ్మగారి చీర కట్టి, పెరటివైపు గదిలో కూర్చోబెట్టారు. పిల్లాణ్ణి గడ్డిమేటు దగ్గర ఉయ్యాల్లో వేశారు. మధ్యలో లేచి పాలిస్తే పట్టుచీర పాడవుతుందని లేవనివ్వలేదు. ఏడుపు గదిలోకి వినపడుతూనే ఉండేదట.

పన్నెండో రోజు పొద్దున, పిల్లాడికి ఒళ్ళు కాలిపోతోంది, ఇవాళ రాలేనంది. రప్పించారు. మధ్యాహ్నానికి ఏడుపు ఆగిపోయింది. పిల్లాడు పోయాడని గడ్డిమేటు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆ చిత్రకారుడు సరిగ్గా అప్పుడే ముఖం పట్టుకున్నాడు. ఏమీ తెలియక, "ఇన్నాళ్ళకి ఇవాళ ముఖం కుదిరింది, దయచేసి ఎవరూ కదిలించకండి" అన్నాడట. వెలుతురు పోయేదాకా రూతుకి చెప్పలేదు. గుమ్మం వెనక నిలబడి చెప్పొద్దని చేత్తో సైగ చేసింది శ్యామలాంబగారు. చనిపోయేముందు అత్తయ్యగారితో చెప్పుకున్నది ఈ సైగ గురించేనట.

పిల్లాణ్ణి పూడ్చిన మూడోరోజు మళ్ళీ కూర్చోబెట్టారు. చేతులు, చీర మిగిలాయి కదా. పటం పూర్తయ్యాక, ఒకే ముఖం ఊళ్ళో రెండుచోట్ల ఉండకూడదని రేవు దాటించారు. ఫొటోకి ఎందుకు కూర్చునేది కాదో ఇప్పుడు తెలిసిందా?

వసారా సంగతి కూడా రాస్తాను. నువ్వు మొదటిసారి వచ్చినప్పుడు అత్తయ్యగారు కిటికీలోంచి నిన్ను చూసి, "ఆ అమ్మాయి గడప దాటిందా, నువ్వు పుట్టింటికి వెళ్ళు" అన్నారు. ఆవిడ పోయి పదిహేనేళ్ళయింది. ఆ తర్వాత కూడా నిన్ను లోపలికి పిలవలేదు. అది నా ఇష్టమే. కులం వల్ల అనుకున్నావని తెలుసు. అనుకోనిచ్చాను. కులమైతే నువ్వు క్షమిస్తావు, అలవాటు కాబట్టి.

నాకు రెండు కాన్పులు పోయినప్పుడు, ఈయన ఏళ్ళతరబడి చేపల చెరువుల మీదే ఉండిపోయినప్పుడు, నేను చెప్పుకున్నది ఆ ముఖంతోనే. నీకైతే రాయగలను, కాని నువ్వు సలహా ఇస్తావు, ప్రార్థన చేస్తానంటావు, జాలిపడతావు. అది ఊరికే వినేది. నువ్వు నాకు రెండేళ్ళు ఉన్నావు. అది నలభై ఏళ్ళుంది.

తుని నుంచి రాగానే ఈయన, "హెలెన్ గారికి ఇచ్చేశాను" అన్నారు. నన్నొక్కమాట అడగలేదు. సోమవారం ఆయన చెరువుకి వెళ్ళాక, తలుపులకి రంగులేయడానికి తెచ్చిన ఉప్పుకాగితం తీసుకుని ముఖం గీకేశాను. నుదురు ముందు, తర్వాత చెంపలు, కళ్ళు ఆఖర్న. గుడ్డ కనపడేదాకా. చేతులు నొప్పెట్టాయి గాని ఏడుపు రాలేదు.

మిగతాదంతా ఉంది. చీర, చెయ్యి, కుర్చీ. నీ పాలమరక కూడా ఉంది. కావలిస్తే తీసుకెళ్ళు.

హైమ


నేరెళ్ళలంక,
ఏప్రిల్ 16, 2024.

హెలెన్,

నువ్వొచ్చి పటం తీసుకెళ్ళిన చప్పుడు గదిలోంచి విన్నాను. నువ్వు ఏడుస్తావేమో, తిడతావేమో అని తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. విజయ్ పాల్‌తో "గడప జాగ్రత్త" అన్నావు. అంతే.

ఉగాదికి లైబ్రరీ తెరిచారు. మామ్మగారి ఫొటో ఒక్కటే దొరికింది, ముసలితనంలో ఏవో కాగితాల కోసం తీయించింది. నోరు లోపలికి పోయి ఉంది. దాన్నే పెద్దది చేయించి పెట్టారు. ఈయన మైకు పట్టుకుని, ముఖం ఏమైందని అడిగినప్పుడు నేను చెప్పిందంతా చెప్పేశారు. రూతు పేరు, పిల్లాడి సంగతి, సైగ, నేను చేసినది కూడా. ఇన్నేళ్ళు మేం దాచింది ఊరి కోసమే కదా! తీరా అందరూ విన్నారు. సర్పంచ్ గారు, "ఆ రోజులు అలాంటివి" అన్నారు. తర్వాత అందరూ భోజనాలకి లేచారు. పులిహోర బాగుందన్నారు. ఇంకేం జరగలేదు.

ఈయన చెరువు దగ్గర షెడ్డులో పడుకుంటున్నారు. క్యారేజీ ఇక్కణ్నించే వెళ్తోంది, ఖాళీగా తిరిగొస్తోంది. మాట లేదు.

హాల్లో పటం ఉన్నచోట గోడ తెల్లగా, నలుచదరంగా మిగిలిపోయింది. పొద్దున్నే దీపం వెలిగించి అక్కడికే తీసుకెళ్తున్నాను, తర్వాత గుర్తొస్తోంది. ఎవరితోనూ మాట్లాడక నా గొంతు నాకే కొత్తగా ఉంది.

అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. నీ ఫొటో ఒకటి పంపు. ట్రైనింగు రోజులదైతే మంచిది. చెంపకి చెయ్యి ఆనించుకుని దిగింది ఒకటుండాలి నీ దగ్గర.

హైమ


రాజమండ్రి,
ఏప్రిల్ 24, 2024.

హైమావతి గారికి,

మీ ఉత్తరం అందిందండి.

ముఖం ఉన్నచోట నన్ను చూసి మళ్ళీ ముఖం వేస్తానని విజయ్ పాల్ అన్నాడు. వద్దన్నాను. గుడ్డని గుడ్డగానే ఉంచి, మరకమీద మిగిలిన నగ కూడా తీసెయ్యమన్నాను. మొన్ననే పూర్తిచేశాడు. మా ఇంట్లో తగిలించాం. వెనకున్న పేరు ముందుకి రాయించాను. కింద చిట్టియ్య పేరు కూడా ఉంది. మా మనవరాలు దాన్ని చూసి, "ముఖం ఏది?" అని అడిగింది. "నా స్నేహితురాలు తీసేసింది" అని చెప్పాను. వచ్చినవాళ్ళు అడిగినా అదే చెబుతున్నాను, మీ పేరుతో సహా.

ఫొటో పంపను. మీరడిగిన ఫొటో నా దగ్గర ఉంది.

మీరు రాసినవాటిలో ఒకటి మాత్రం పొరపాటండి. సరిదిద్దడం టీచరుగా నాకు అలవాటు. మీరేం చెప్పుకున్నా ఆ ముఖం వినేదన్నారు. వింటున్న ముఖమే అది, నిజం. కాని మీ మాటలు కాదు. పొద్దుటినుంచి ఏడుస్తున్న పిల్లాడు అప్పుడే ఊరుకున్నాడు. నిద్రపోయాడనుకుంది. పన్నెండు రోజుల్లో మొదటిసారి ఆమె మనసు కుదుటపడింది. అందుకే ముఖం అంత నెమ్మదిగా కుదిరింది.

మీ ఇంటిల్లిపాదీ దీపం పెట్టింది ఆ నెమ్మదికేనండి. ఇంక నాకు రాయకండి.

హెలెన్